జానెడు లోతు నిజం

పోయిన వానకాలం మా ఊరి పిలగాడొకడు పొద్దుగాల్నే ఇంటికొచ్చిండు. చేతిల పొడుగు అట్టపెట్టె. "అన్నా, మిషన్ తెచ్చిన. పాటిగడ్డ సంగతులన్నీ నీకే ఎర్క. జర నాతోని రా" అన్నడు. ఇరవై రెండేండ్లుంటయి. డిగ్రీ నడుమల ఆగిపోయింది. సీజన్‌ల ట్రాక్టర్ తోల్తడు, సీజన్ లేనప్పుడు ఫోన్ చూస్తడు. నూటికి మూడు రూపాయల మిత్తికి ఇరవై ఎనిమిది వేలు తెచ్చి సెకండ్ హ్యాండ్‌ల మెటల్ డిటెక్టర్ కొన్నడట.

పెట్టె ఇప్పితే అండ్ల రెండు కాయిల్స్ ఉన్నయి. ఒకటి అన్నం తినే తలె అంత, పదకొండు ఇంచులు. ఇంకోటి చాయ్ సాసర్ కంటె రవ్వంత పెద్దగ, ఆరు ఇంచులు. మిషన్‌కు పెద్దదే బిగించి ఉన్నది. చిన్నదాని కవర్ గూడ చింపలేదు. "గదెందుకన్నా, పోరగాండ్ల ఆటసామాను లెక్కుంది. లోతు రాదట" అన్నడు.

నేనియ్యాల రాస్తున్నది ఆ పక్కకు పారేసిన చిన్న కాయిల్ గురించే. ఎందుకంటే మన పల్లెలల్ల నిధుల పేరు మీద నడుస్తున్న మోసమంత 'లోతు' అన్న ఒక్క మాట మీద నిలబడ్డది. చిన్న కాయిల్ పట్టుకొని ఒక్క పూట మీ సొంత చెలకల నడవున్రి, ఆ మాట ఎంత ఉత్తదో మీకే తెలుస్తది.

లోతు అమ్ముకునేటోళ్లు

ఫోన్‌ల నిధి అని కొట్టి చూడున్రి. ఒకడు చెట్టు కింద మిషన్ తిప్పుతడు, అది మోగుతది, నాలుగు పార్లు తవ్వంగనే బిందె తేల్తది. బిందెల నాణేలు నిగనిగ మెరుస్తుంటయి. వందల ఏండ్లు మట్టిల ఉన్న దానికి మట్టి గూడ అంటది కాదు! కింద కామెంట్లల్ల మన పిలగాండ్లే: "అన్నా, రేటెంత? ఎంత లోతు కొడ్తది?" జవాబు ఇరవై అడుగులంటడొకడు, ముప్పై అడుగులంటడొకడు.

ఈ మిషన్ ఎట్ల పని చేస్తదో చెప్త, మీరే లెక్క వేసుకోన్రి. కాయిల్ అంటే రాగితీగె చుట్ట. అండ్ల కరెంటు అటు ఇటు ఊగుతుంటది. దానితోని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడ్తది. ఆ క్షేత్రం మట్టిలకు పోయి ఒక లోహానికి తగిల్తే ఆ లోహంల చిన్న చిన్న సుడుల లెక్క కరెంటు తిరుగుతది. ఆ సుడులు మల్ల తమ సొంత క్షేత్రాన్ని పుట్టిస్తయి. కాయిల్‌ల ఉన్న ఇంకో చుట్ట దాన్ని పట్టుకుంటది. చెవుల 'కుయ్' మంటది. గంతే. ఇండ్ల మంత్రం లేదు.

ఇగ లోతు సంగతి. కాయిల్ నుంచి జర దూరం పోయినంక, దూరం రెండింతలైతే క్షేత్రం ఎనిమిదో వంతుకు పడిపోతది. అది పోవుడు సంగతి. తిరిగొచ్చేటప్పుడు మల్ల ఎనిమిదో వంతు. రెండూ కలిస్తే అరవై నాలుగో వంతు. అంటే అడుగు లోతుల ఉన్న నాణెం నుంచి వచ్చే సప్పుడు రూపాయంత అనుకుంటే, అదే నాణెం రెండడుగుల లోతుల ఉంటే పైసన్నర వస్తది. నాలుగడుగులకు పైసల గూడ లెక్కకు రాదు. ఇరవై అడుగులంటరా? అక్కడ నాణెం ఉన్నా లేకున్నా మిషన్‌కు ఒకటే.

వాడేటోళ్ల మోటు లెక్క ఒకటుంది: నాణెమంత వస్తువు కాయిల్ ఎంత వెడల్పుంటదో సుమారు అంతే లోతు వరకు దొరుకుతది. ఆరించుల కాయిల్‌కు ఆరించులు, మంచి నేలైతే ఇంకో ఇంచో రెండించులో. పదకొండించుల దానికి అడుగుకు అటు ఇటు. బిందెలాంటి పెద్ద వస్తువు ఇంకా కిందున్నా తెలుస్తది, దానికి పెద్ద కాయిల్స్, వేరే మిషన్లు ఉన్నయి. కాని చేతిల పట్టుకొని ఊపే మిషన్ తోని ముప్పై అడుగుల కిందున్న బంగారం చెప్తనంటే వాడు మిషన్ అమ్ముతలేడు, మీ ఆశను మీకే అమ్ముతున్నడు.

కాయిల్ గూడ లేకుండ చేతిల ఏరియల్ పుల్ల పట్టుకొని, అది తిరిగిన దిక్కు బంగారమున్నది అనేటోళ్లు ఇంకో రకం. ఇంగ్లండ్‌ల జేమ్స్ మెక్‌కార్మిక్ అనేటోడు గసొంటి పుల్లనే బాంబులు పట్టే మిషన్ అని ఇరాక్‌కు అమ్మిండు. పోలీసులు దాన్ని నమ్మి చెక్‌పోస్టులల్ల నిలబడ్డరు, బాంబులు దాటిపోయినయి, మనుషులు సచ్చిపోయిన్రు. 2013ల లండన్ కోర్టు వానికి పదేండ్ల జైలు వేసింది. ప్రభుత్వాలే మోసపోయిన కాడ పల్లెటూరి పిలగాడు మోసపోవుడు వింత కాదు. కాని మోసమని తెలిసినంక గూడ ఊకుండుడు తప్పు.

బెల్ సాబ్‌కు తగిలిన దెబ్బ

మరి చిన్న కాయిల్ దేనికి? దీన్ని అర్థం చేసుకునేటందుకు ఒక పాత కథ ఉన్నది. 1881 జులైల అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్‌ను ఒకడు తుపాకితోని కాల్చిండు. గుండు ఒంట్లనే ఉండిపోయింది, ఎక్కడుందో డాక్టర్లకు దొరుకలేదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక మిషన్ పట్టుకొచ్చిండు. మనం ఇయ్యాల వాడే డిటెక్టర్‌కు అది తాత లెక్క. బయట పరీక్షిస్తే మంచిగ పని చేసింది. అధ్యక్షుని కాడికి పోంగనే గందరగోళం. గుండు జాడ దొరుకలేదు.

ఏమైందంటే, ఆయన పండుకున్న పరుపుల ఉక్కు తీగెల స్ప్రింగులున్నయి. ఆ ఉక్కు సప్పుడు మిషన్‌ను ఆగం చేసింది. దాని మీదికెల్లి, గుండు కుడి దిక్కున్నదని నమ్మిన పెద్ద డాక్టర్ ఆ దిక్కే వెతుకనిచ్చిండు. గుండేమో ఎడమ దిక్కున్నది. సెప్టెంబర్‌ల గార్ఫీల్డ్ చనిపోయిండు.

మన నేల గూడ ఆ పరుపు లెక్కనే. ఒక్క గజం జాగల ఎన్నుంటయో చూడున్రి: మొల, తీగె ముక్క, బీరు మూత, గుట్క పాకెట్ రేకు, గోలీల పట్టి, ట్రాక్టర్ బోల్టు. పెద్ద కాయిల్ కింద ఇవన్నీ ఒక్కసారే పడ్తయి. ఇనుము సప్పుడు మిగిలినదాన్ని మింగేస్తది. మొల పక్కన రెండించుల దూరంల వెండి రూపాయి ఉన్నా పెద్ద కాయిల్‌కు వినపడది. చిన్న కాయిల్ ఒక్కసారి చూసేది కొంచెం జాగనే. అందుకే మొలను మొలలెక్క, రూపాయిని రూపాయిలెక్క వేరు చేస్తది.

ఇంకో లాభం మన నేలను బట్టి ఉన్నది. మన ఎర్రమట్టిల ఇనుము పాలు ఎక్కువ. పాత కమ్మరి కొలుములున్న ఊర్లల్ల ఇనుప చిట్టెం కుప్పలు కుప్పలుంటది. నిజామాబాద్ దిక్కు కోనసముద్రంల ఒకప్పుడు ఉక్కు తయారైంది, పర్షియా దాక దాని పేరు పోయింది. గసొంటి నేల మీద పెద్ద కాయిల్ అడుగడుగుకు ఉత్తగనే మొత్తుకుంటది. చిన్నది మట్టిని తక్కువ చూస్తది కాబట్టి తక్కువ మొత్తుకుంటది. ఇంకా ఇది అలకగుంటది, కొయ్యకాళ్ల నడుమ, గోడ మూలకు, పత్తి సాళ్ల మధ్యల దూరుతది. కమ్మ, ముక్కుపుల్ల లాంటి సన్న వస్తువుల మీద దీని చెవు పెద్దదానికంటె పదును.

నష్టం లేదా? ఉన్నది. లోతు తగ్గుతది, ఎకరం తిరగాల్నంటే దినమంత పడ్తది. పరుగులు పెట్టేటోనికి ఇది పనికిరాదు. ఓపికున్నోనికే పనికొస్తది.

పాటిగడ్డ కాడ మా లొల్లి

ఆ పిలగానితోని మొదలు వాళ్ల ఇంటెనుక కల్లంలనే చిన్న కాయిల్ బిగించి నడిపించిన. గంటన్నరల మేం తీసినవి: పదకొండు మొలలు, ఒక ఎద్దునాడె, రెండు బీరు మూతలు, కొడవలి ముక్క, ఐదు గుట్క రేకులు, ఒక ఇరవై పైసల బిళ్ల. అన్నీ జానెడు లోతుల లోపటనే. ఇరవై పైసల బిళ్ల జూసి వాడు నవ్విండు. అటెనుక ఊరవతల పాటిగడ్డ దిక్కు చూసిండు.

పాటిగడ్డ అంటే మీకందరికీ ఎర్కే. పాత ఊరు పాడుపడ్డ దిబ్బ. వానొస్తే కుండపెంకులు, పూసలు, ఎప్పుడన్న ఒక నాణెం తేల్తయి. "అన్నా, అసలు మాల్ అక్కడున్నది. నడువు" అన్నడు. నేను రానన్న. తవ్వనియ్యనన్న. వానికి కోపమొచ్చింది. "నువ్వు పేపర్ల రాసుకునేటోనివి, నీకేం తెలుస్తది అప్పు బాధ" అన్నడు. మాట తప్పు కాదు. అప్పు వానిది, రాత నాది.

అప్పుడు వానికి నా కథ చెప్పిన. ఇప్పటిదాక రాయని కథ. నాకు ఇరవై ఏండ్లున్నప్పుడు మేం ఐదుగురం, ఒక సామి మాట నమ్మి, అమాస రాత్రి ఒక పాడుపడ్డ గుడికి గడ్డపారలు పట్టుకొని పోయినం. నంది కింద ఏడు బిందెలున్నయన్నడు సామి. నందిని ఒరిగిచ్చినం. మెడ కాడ పగిలింది. కింద ఉత్త మట్టి, సున్నం పెల్లలు. నా వాటా ఎనిమిది వందలు తీసుకున్న ఆ సామి మల్ల కనపడలేదు. పోలీసులకు మేం దొరుకలేదు. కాని ఆ ఊరోళ్లు పొద్దున వచ్చి పగిలిన నంది చుట్టూ నిలబడి ఏడ్వంగ దూరంకెల్లి చూసిన. ఒక ముసలాయన తల ముక్కను భుజం మీది తువ్వాలల చుట్టి ఎత్తుకున్నడు. ఇయ్యాల్టికి ఏ గుళ్లెకు పోయినా నేను నందికి ఎదురుంగ నిలబడలేను.

తమ్ముళ్లారా, నిధుల తవ్వకాల వార్త వచ్చినప్పుడల్ల మనం నవ్వుకుంటం, లేకుంటే "దొరికిందో ఏమో" అని ఆశపడ్తం. నందులు పగుల్తున్నయి, లింగాలు పెకలుతున్నయి, పూజల పేరు మీద మనుషుల పానాలు గూడ పోయిన కేసులున్నయి. దొరికిన బంగారమెక్కడ?

సీసపు బిళ్ల విలువ

పాటిగడ్డల ఏమీ లేదని నేను అంటలేను. ఉన్నది. కాని అది లంకెబిందె కాదు.

జగిత్యాల జిల్లాల గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉన్నది. అక్కడ దొరికిన చిన్న చిన్న నాణేల మీద గోబద, నారన, కంవాయ, సమగోప అన్న పేర్లున్నయి. శాతవాహనుల కంటె ముందటి రాజులు వీళ్లు. ఈ పేర్లు మనకు తెలిసింది నాణేలతోనే. అక్కడనే చిముకుడు, అంటే శాతవాహన వంశానికి మొదటి రాజుగా చెప్పే సిముకుని నాణేలు గూడ దొరికినయి. శాతవాహనుల మొదలు మన దగ్గరనే అని వాదించేటందుకు ఆ నాణేలు పెద్ద ఆసరా అయినయి. పెద్దపల్లి దిక్కు పెద్దబంకూర్‌ల వేల నాణేలు బయటపడ్డయి. సంగారెడ్డి దిక్కు కొండాపూర్ దిబ్బలల్ల గూడ గట్లనే.

ఆ నాణేలు దేనితోని చేసినయి? ఎక్కువశాతం సీసం, రాగి, ఇంకా పోటిన్. పోటిన్ అంటే రాగి, తగరం, సీసం కలిపిన లోహం. పాత సామాన్లోనికి కిలో లెక్కన అమ్మితే చాయ్ పైసలొస్తయి. అదే నాణెం ఏ దిబ్బల, ఏ పొరల, ఏ కుండపెంకుల పక్కన దొరికిందో తెలిస్తే ఒక రాజ్యం చరిత్ర మారుతది. విలువ బిళ్లల లేదు, బిళ్ల ఉన్న జాగల ఉన్నది. జాగల నుంచి పీకి జేబుల ఏసుకున్న క్షణంల ఆ విలువ పోతది. మల్ల తెద్దామన్నా రాదు.

ఇక్కడనే చిన్న కాయిల్‌తోని నాకు భయం గూడ ఉన్నది, దాచుకోను. పెద్ద కాయిల్ పట్టుకున్నోడు చిట్టెం సప్పుడుకు ఇసిగి ఇంటికి పోతడు. చిన్న కాయిల్ పట్టుకున్నోనికి ఆ సన్న బిళ్లలు నిజంగనే దొరుకుతయి. జానెడు లోతులనే మన చరిత్ర ఉన్నది, జానెడు లోతు వరకే ఈ కాయిల్ చూస్తది. అంటే దీన్ని పాటిగడ్డ మీద తిప్పితే నిధి రాదు, ఊరి పుట్టుక చీటి మాత్రం చినుగుతది.

చట్టం ఏమంటది

1878ల ఇంగ్లీషోళ్లు పెట్టిన ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉన్నది. దాని ప్రకారం భూమిల దాచి ఉన్న విలువైన వస్తువు ఏదైనా నిధే. పది రూపాయల విలువ దాటితే దొరికినోడు కలెక్టర్‌కు రాసి తెలుపాలె. ఏమి దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తారీకు అన్నది అండ్ల ఉండాలె. తెలుపకుంటే ఏడాది దాక జైలు, జుర్మానా, వచ్చే వాటా గూడ పోతది. భూమి ఓనరు కుమ్మక్కైతే ఆయనకు గూడ శిక్ష.

చాలామందికి తెల్వని సంగతి ఇంకోటున్నది. అదే చట్టంల దొరికినోనికి వాటా గూడ రాసి ఉన్నది. సొంతదారుడు ఎవ్వరూ తేలకుంటే, వేరే ఒప్పందం లేకుంటే, మూడొంతులు దొరికినోనికి, ఒక వంతు భూమి ఓనరుకు. సర్కారుకు కావాల్నంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇచ్చి తీసుకోవాలె. కాగితం మీద మంచిగనే ఉన్నది.

దీనికితోడు కేంద్రం రక్షణల ఉన్న కట్టడాల జాగల 1958 చట్టం కింద పర్మిషన్ లేకుండ తవ్వుడు నేరం. నూరేండ్లు దాటిన నాణెం, విగ్రహం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, లైసెన్స్ లేకుండ దాంతోని యాపారం చేయరాదు, దేశం దాటియ్యరాదు. తెలంగాణకు 2017ల సొంత వారసత్వ చట్టం వచ్చింది. తెల్వదంటే కోర్టు ఒప్పుకోదు.

మరి ఊరోళ్లు ఎందుకు చెప్తలేరు? 2021 ఏప్రిల్‌ల జనగామ జిల్లా పెంబర్తి కాడ వెంచర్ కోసం భూమి చదును చేస్తుంటే రాగి బిందె బయటపడ్డది, అండ్ల వెండి బంగారు సొమ్ములున్నయి. ఆ భూమి కొన్నాయన అధికార్లకు చెప్పిండు, బిందె సర్కారుకు చేరింది. ఆ బిందెను ఏ డిటెక్టరూ పట్టలేదు, జేసీబీ పట్టింది. మన ఊర్లల్ల రచ్చబండ కాడ మాత్రం "పిచ్చోడు, చెప్పకపోతే పోయేదేముండె" అన్న మాటనే ఎక్కువ విన్న. చెప్పినోడు పిచ్చోడైండు, దాచినోడు తెలివిగల్లోడైండు. ఈ తప్పు జనానిది ఒక్కటే కాదు. చెప్పినోనికి ఏమొచ్చిందో ఊరికి కనపడేటట్టు చేసే వ్యవస్థ లేదు.

ఇంగ్లండ్‌ల చూడున్రి. అక్కడ 1996ల కొత్త నిధుల చట్టం చేసిన్రు. పద్నాలుగు దినాలల్ల చెప్పాలె. మ్యూజియం తీసుకుంటే ధర కట్టి దొరికినోనికి, భూమి ఓనరుకు ఇస్తరు. నిధి కాని చిన్న వస్తువులను గూడ రాసుకునేటందుకు జిల్లాలల్ల మనుషులను పెట్టిన్రు. 2009ల స్టాఫర్డ్‌షైర్‌ల ఒక రైతు పొలంల డిటెక్టర్ పట్టుకున్న మామూలు మనిషికి ఆంగ్లో సాక్సన్ కాలపు బంగారం దొరికింది. ముప్పై రెండు లక్షల పౌండ్లకు పైన ధర కట్టిన్రు, ఇద్దరికి పంచిన్రు. ఆ బంగారం ఇరవై అడుగుల కింద లేదు తమ్మీ, నాగలి తిరిగే మన్నులనే ఉన్నది. వాడు చెప్పిండు కాబట్టి దేశానికి చరిత్ర మిగిలింది, వానికి పైసలు మిగిలినయి. అక్కడ గూడ దొంగతనంగ తవ్వేటోళ్లు ఉన్నరు. కాని చెప్పేటోనికి ఒక తొవ్వ ఉన్నది. మన దగ్గర తొవ్వ కాగితంల ఉన్నది, నేల మీద లేదు.

అవ్వ కమ్మ

మా పిలగాడు నెల దినాలు నాతోని మాట్లాడలేదు. పత్తి ఏరుడు మొదలైనంక ఒక పొద్దు మల్ల వచ్చిండు. మా వాడకట్టు అవ్వ పత్తి ఏరంగ చెవు కమ్మ ఎక్కడనో పడిపోయింది. ఆమె పెండ్లినాటి కమ్మ. మూడు దినాలుగ తిండి మానేసి సాళ్లల్ల కూసోని మట్టి జల్లెడ పడ్తున్నది. "అన్నా, మిషన్‌తోని అయితదా?" అన్నడు.

పెద్ద కాయిల్ సాళ్ల నడుమ తిరగది, పత్తి కట్టెలకు కొట్టుకుంటది. చిన్నది బిగించినం. వాడు ఎప్పటిలెక్క రేకుల సప్పుడు రాకుండ మిషన్‌ను సెట్ చేసిండు. నేను వద్దన్న. గుట్క రేకు, సన్న బంగారం మిషన్ చెవుకు ఇంచుమించు ఒక్కతీరుగనే వినపడ్తయి. రేకును మూస్తే బంగారాన్ని గూడ మూసినట్టే. బంగారం కావాల్నంటే రేకులను ఏరాలె, వేరే తొవ్వ లేదు. ఈ మాట నిధులకే కాదు, బతుకుకు గూడ అన్వయిస్తదేమో.

సుతిలి తాడు కట్టి జాగను పట్టీలు పట్టీలుగ పంచినం. కాయిల్‌ను నేలకు ఆనీ ఆననట్టు, సమంగ, మెల్లగ ఊపాలె. ఒక ఊపు ఇంకో ఊపు మీద సగం పడాలె. సప్పుడొచ్చిన కాడ అడ్డంగొకసారి, నిలువుగొకసారి తిప్పితే రెండు గీతలు కలిసే కాడ వస్తువుంటది. తవ్వేది చిన్న కుర్పీతోని, తీసినంక మట్టి మల్ల కప్పాలె. మొదటి దినం నలభై దాక రేకులు, విత్తనాల పాకెట్ ముక్కలు, తీగెలు. వాడు ఇసుక్కోలేదు.

రెండో దినం పొద్దు గూట్లె పడంగ ఒక సన్న సప్పుడు. రెండు వేళ్ల లోతుల కమ్మ. వాడు దాన్ని అంగితోని తుడిచి అవ్వ అరచేతిల పెట్టిండు. ఆమె ఏమీ అనలేదు. కమ్మను కండ్లకద్దుకొని, వాని తల మీద చేతులు తిప్పి మెటికలు ఇరిచింది. చీరె కొంగుల ముడి ఇప్పి నూరు రూపాయలు ఇయ్యబోయింది. "అద్దవ్వా" అని వాడు మొఖం అటు తిప్పుకున్నడు.

అటెనుక చుట్టూ ఊర్లకెల్లి పిలుపులు మొదలైనయి. నాట్లల్ల పడిపోయిన పుస్తె, మట్టిల పూడిన బోరు వాల్వు, పొలం హద్దు కాడ పాతిన ఇనుపరాడు. పోయిన వస్తువు దొరికితే కూలి తీసుకుంటడు, దొరుకకుంటే చాయ్ తాగి వస్తడు. అప్పు ఇంకా తీరలేదు. కాని వాడు ఇప్పుడు రాత్రిపూట తిరుగుతలేడు, పగటిపూట నలుగురి ముంగట తిరుగుతున్నడు. నాకు ఆ తేడా చాలు.

ఏం కావాలె

సర్కారును అడిగేటివి మూడున్నయి. ఒకటి, నాణెమో విగ్రహమో దొరికినోడు పోయి అప్పజెప్పేటందుకు మండలానికొక జాగ కావాలె, వస్తువుకు రసీదు ఇయ్యాలె, చట్టంల ఉన్న వాటా ఎన్ని దినాలల్ల ఇస్తరో బోర్డు మీద రాయాలె. దొంగను చూసినట్టు చూస్తే ఎవ్వడూ రాడు. రెండు, పాటిగడ్డలున్న ఊర్లల్ల పిలగాండ్లకు పురావస్తుశాఖ పని నేర్పాలె. వానలు పడ్డంక పైన తేలిన పెంకులు, పూసలు ఎక్కడున్నయో ఫొటో తీసి జాగ రాసి పంపుడు మన పోరగాండ్లకు పెద్ద పని కాదు. ఫోన్ చేతులనే ఉన్నది. మూడు, ముప్పై అడుగుల లోతు అని పచ్చి అబద్ధం చెప్పి మిషన్లు అమ్మేటోళ్ల మీద కేసులు పెట్టాలె. వినియోగదారుల చట్టం 2019లనే వచ్చింది. మోసపోయినోళ్లు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇయ్యొచ్చు, సిగ్గుపడకున్రి.

మిమ్మల్ని అడిగేటివి ఇంకా తక్కువ. మిషన్ కొననోళ్లు అప్పు తెచ్చి కొనకున్రి. కొన్నోళ్లు సొంత భూమిల, లేకుంటే ఓనరు ఒప్పుకున్న భూమిల, పగటిపూట తిప్పున్రి. గుడి, గడి, కోట, సమాధి, పాటిగడ్డ కాడ స్విచ్ బంద్ చెయ్యున్రి. ములుగు, భద్రాద్రి అడవుల దిక్కు మందుపాతరలు పేలి మామూలు జనం సచ్చిపోయిన్రు, అక్కడ సప్పుడొచ్చిన కాడ కుర్పీ పెట్టకున్రి. కర్నూలు దిక్కు తొలకరికి వజ్రాలు ఏరేటందుకు పోయేటోళ్లు మిషన్ మోసుకపోకున్రి, వజ్రం రాయి, లోహం కాదు, మోగది. పాత వస్తువు ఏదైనా కండ్ల పడితే పడ్డ కాడనే ఉంచి, ఫొటో తీసి, తహసీల్దారుకు చెప్పున్రి.

పోయిన వారం ఆ పిలగాడు పాటిగడ్డ పక్కకెల్లి వస్తుంటే వాన కడిగిన మట్టి మీద ఒక సీసపు బిళ్ల కనపడ్డదట. ముట్టుకోలేదు. పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీసి నాకు పంపిండు. బిళ్ల మీద ఏనుగు లెక్క ఏదో ఉన్నది. "అన్నా, ఇది ఎవరికి చెప్పాలె?" అని అడిగిండు.

నాలుగు దినాల సంది ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నం. ఒకరు ఇంకొకరి దిక్కు చూపిస్తున్నరు. ఆ బిళ్ల మీద ఒక రాయి బోర్లేసి, పిలగాడు పొద్దుమాపు పోయి చూసొస్తున్నడు. వాడు చేసేది వాడు చేసిండు. ఇగ చెయ్యాల్సింది సర్కారు.